కూడారైకి మా పెరటి తేనె

డిసెంబరు 17

పాత డైరీ ఇది. విత్తనాల కొట్టువాడు మూడేళ్ల కిందట మా ఆయనకిచ్చాడు. ఆయన మొదటి నాలుగు పేజీల్లో ఏవో ఫోను నంబర్లు రాసి వదిలేశారు. మిగిలింది నాది.

ఎందుకు మొదలుపెట్టానంటే... నిన్న ధనుర్మాసం వచ్చింది. వలస వచ్చిన తెలుగు రైతులం కట్టుకున్న మా క్యాంపు రామాలయంలో ఆచార్యులుగారు అన్నారు, నెయ్యి మానడం, పాలు మానడం తేలికేనమ్మా, నెలరోజులు ఎవరినీ నొప్పించే మాట అనకుండా ఉండి చూడండి అని. నేను ఆ నియమమే పట్టాను. పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. నీకు అదొక నియమమా అక్కా, నువ్వు గొంతు పెంచింది ఎవరు చూశారు అని.

గొంతు పెంచను. నిజమే. లోపల ఎంతెంత అంటానో ఆ రంగనాథుడికే తెలుసు. ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాను. అప్పుడప్పుడూ ఒక చురక పైకి వచ్చేది. ఈ నెల ఆ సందు కూడా మూసేశాను కనుక అది ఎటో ఒకవైపు పోవాలి. కాగితం మీదికి పోనీ. కాగితం నొచ్చుకోదు.

డిసెంబరు 18

ప్రసాదు గురించే రాస్తాను. ఇంకెవరున్నారు.

ఆయన తమ్ముడు. నా ఒక్కగానొక్క మరిది. నలభై నాలుగేళ్లు నిండాయి, పని నిండలేదు. వీధి అవతల ఇల్లు. చేపల చెరువు తవ్వాడు, అందులో ఇప్పుడు తుంగ మొలిచింది. పుట్టగొడుగులు పెంచాడు, ఆ గది తలుపు తీస్తే ఇప్పటికీ కుళ్లిన గడ్డి వాసన. ఇప్పుడు తేనెటీగలు. రాయచూరులో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాడు. అక్కడొక కాగితం ఇచ్చారు. దానికి అద్దం కట్టించి హాల్లో తగిలించాడు, దేవుడి పటాల కంటే జానెడు పైన.

పెట్టె తెచ్చి పెట్టింది మాత్రం మా పెరట్లో. వాళ్లావిడ మిద్దె మీద బట్టలారేస్తుందట, ఈగలు కుడతాయట. నా బట్టలు వాటంతటవే ఆరతాయి కాబోలు.

"మీ పెరట్లో మునగ చెట్లున్నాయి వదినా, పూత మీద వాలతాయి" అన్నాడు. మునగ చెట్టు పూతలో ఉందో లేదో తలెత్తి చూడొచ్చు. దానికి మూడు రోజుల శిక్షణ అక్కర్లేదు. మా మునగలు ఆకులు దులుపుకుని కట్టెల్లా నిలబడ్డాయి. చుట్టూ వరి కోతలైపోయాయి. గోరేబాళ దాకా వెళ్లి వెతికినా మోళ్లే తప్ప పువ్వు లేదు.

మరి ఏం తింటాయి ప్రసాదూ అని అడిగాను. అడగడం నొప్పించడం కాదు కదా.

"పంచదార పాకం. కిలోకి లీటరు నీళ్లు. సాయంత్రం గిన్నెలో పోసి లోపల పెట్టెయ్యండి. మీది చెయ్యి తిరిగిన పని."

చెయ్యి నాది. అద్దం కట్టిన కాగితం వాడిది.

డిసెంబరు 19

పెట్టె స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలట, చీమలెక్కకుండా. వాడే చెప్పాడు. చెప్పి వెళ్లిపోయాడు. పొద్దున్న చూస్తే పెట్టె మీదికి నల్లచీమల బారు. పాత స్టీలు గిన్నెలు నాలుగు తీసి నీళ్లు పోశాను. స్టాండు ఎత్తిపట్టింది బసమ్మ. పేడ ఎత్తడానికి వచ్చే మనిషి. ఆవిడకి శిక్షణ లేదు, అందుకని బరువు ఎటు ఎత్తాలో తెలుసు.

డిసెంబరు 20

పొద్దున్న ఏడింటికి మంచు. కాలవ మీద తెల్లగా లేస్తోంది. కోళ్లు ఈకలు పొంగించి బంతుల్లా కూర్చున్నాయి. అప్పుడొచ్చాడు మహానుభావుడు, తలకి వలటోపీ, చేతిలో ఫోను. పెట్టె మూత తీసి ఒక్కో ఫ్రేమూ బయటికి లాగి, "చూశారా ఫ్రెండ్స్" అంటున్నాడు ఫోనుతో.

చలిలో మూత తియ్యకూడదేమో, లోపల పిల్లలుంటాయి కదా అన్నాను. పిల్లలు ఏ ప్రాణికైనా పిల్లలే.

"ఇన్‌స్పెక్షన్ వదినా ఇది."

పావుగంట తనిఖీ. వాడికి వలటోపీ ఉంది. మూత పట్టుకున్న నాకు కొంగు. బొటనవేలు మీద కుట్టింది. పసుపు రాసుకున్నాను. దాని తప్పు లేదు.

డిసెంబరు 23

నా కోళ్ల గురించి ఒక మాట. తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. ఎర్రపెట్ట పదకొండు పిల్లల్ని దించింది, ఇవాళ్టికి వారం. అన్నీ బతికున్నాయి. చలికాలం పిల్లలు ఇన్ని నిలవడం మా ఇంట్లో కూడా అరుదు.

నేను చేసేది ఏమీ లేదు. కింద వరిగడ్డి మందంగా వేస్తాను, రోజు విడిచి రోజు తడిసింది తీసేస్తాను. రాత్రికి తల్లి మీద గంప, గంప మీద గోనె, ఒక పక్క బెత్తెడు ఖాళీ. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు. తౌడులో సన్నగా తరిగిన ఉల్లి. ఎండ తగిలాకే బయటికి వదలడం. మిగతాది తల్లి చూసుకుంటుంది. రెక్కల కింద ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకి తెలుస్తుంది.

ప్రసాదు ఫోనులో చూసి చెప్పాడు, ఇదంతా పాత పద్ధతట. బ్రూడింగ్ అని ఒకటుందట, నిప్పు వేడితో పెంచడమట.

డిసెంబరు 26

ఇవాళ సాయంత్రం నీలం పట్టా తెచ్చి ఎర్రపెట్ట, పిల్లలు ఉండే చిన్న గూడు చుట్టూ చుట్టాడు. పైన, పక్కల, కింద అంచుల దాకా. మేకులు కొట్టాడు. బియ్యం మిల్లు నుంచి రెండు బస్తాల ఊక తెచ్చాడు. ఈ ఊళ్లో ఊకకి కరువేముంది, మిల్లువాడు ఎత్తుకుపోతే చాలంటాడు. పాత నూనె డబ్బాకి చిల్లులు పొడిచి, ఊక నింపి, నిప్పు రాజేసి, గూట్లో మధ్యన పెట్టాడు. రాత్రంతా కాలుతుందట. తల్లీపిల్లలకి హీటరట.

ఊక మంట పెట్టదు. కుములుతుంది. పొగ ముక్కుకి తెలియనంత సన్నగా వస్తుంది. మా అత్తగారు ఊక పొయ్యి వెలిగించిన రోజుల్లో వంటింటి తలుపు వెయ్యనిచ్చేది కాదు.

నోటి చివరికి వచ్చింది, నీకు మతి ఉందా అని. దిగమింగాను. గాలి ఆడదేమో ప్రసాదూ అన్నాను.

"వదినా, గాలి ఆడితే వేడి నిలవదు కదా." ఎంత ఓర్పుగా చెప్పాడో, బడిపిల్లకి చెప్పినట్టు.

ఆయన వైపు చూశాను. ఆయన పేపరు మడిచారు. "నేర్చుకొచ్చాడు కదే, వాడికి తెలుసులే."

తెలుసులే. ఆ మాట మీదే ఈ ఇల్లు ముప్పై ఏళ్లు నడిచింది. నేను లోపలికి వచ్చి విష్ణుసహస్రం చదువుకున్నాను. నియమం నిలిచిందని సంతోషం కూడా పడ్డాను.

డిసెంబరు 27

పదకొండులో తొమ్మిది.

పట్టా విప్పింది నేనే. చలికి చచ్చినవి ముడుచుకుని ఉంటాయి. ఇవి ముడుచుకోలేదు. నిద్రపోతున్నట్టు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఎర్రపెట్ట ముక్కు తెరుచుకుని ఎగపోస్తోంది. పట్టా అంచు నేలకి ఆనని మూల రెండు పిల్లలు బతికాయి. అక్కడ గాలి ఉంది కాబట్టి. అంతే.

ప్రసాదు వచ్చి చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాటు రకం కదా వదినా, తట్టుకోలేవు."

నాటు రకం. ఇరవై ఏళ్లుగా ఇదే పెరట్లో, ఇదే చలిలో, వీడి సలహా లేకుండా తట్టుకున్న రకం.

బసమ్మ మునగచెట్టు అవతల గొయ్యి తీసింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడకి నియమం లేదు, అనొచ్చు. అయినా అనలేదు. నాకు ఆవిడ మొహం చూడడానికి సిగ్గేసింది. పొగ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా మెత్తగా ఒక్క ముక్క అని ఊరుకున్నాను. మాట పడితే వాడు నొచ్చుకుంటాడని... తొమ్మిది ప్రాణాలు పోతాయని తెలిసినదాన్ని, వాడి నొప్పి లెక్క వేసుకుని పారాయణకి కూర్చున్నాను. ఇది పుణ్యమైతే దీని సంగతి స్వామే చూసుకోవాలి. నాకు అర్థం కావడం లేదు.

డిసెంబరు 28

ఎర్రపెట్ట మేత ముట్టలేదు. చేతిలో జొన్నలు పెట్టి చూపిస్తే మొహం తిప్పుకుంది. నాకు అది కూడా ఎక్కువ మర్యాదే.

డిసెంబరు 30

వైకుంఠ ఏకాదశి. ఉత్తర ద్వారం. ఉపవాసం. చలిలో వరస కాలవ గట్టు దాకా ఉంది.

దర్శనం అయ్యాక మండపంలో ఆచార్యులుగారు, కూడారై రోజు, అంటే మాసంలో ఇరవై ఏడో నాడు, గోదమ్మకి తిరుమంజనం, అదే అభిషేకం, చేస్తామని, పాలు ఎవరు తెస్తారు, పెరుగు ఎవరు తెస్తారు అని అడుగుతున్నారు. కొట్టు తేనె మీద నాకు నమ్మకం లేదు, పోయినేడు తెచ్చింది అడుగున బెల్లంలా పేరుకుంది అన్నారు పాపం.

లేచి నిలబడ్డాడు. ఎవరు? ఇంకెవరు.

"తేనె మాది స్వామీ. మా పెరటి తేనె. కల్తీ అన్నమాట ఉండదు."

మైకులో చెప్పించుకున్నాడు. రెండుసార్లు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు, అదృష్టవంతురాలివి అన్నట్టు. ఇంటికి పెద్దకోడలివి, నీ చేతులతోనే ఇవ్వాలమ్మా అన్నారు ఆచార్యులుగారు. చేతులు జోడించాను.

పెట్టె వచ్చి పన్నెండు రోజులు. పన్నెండు సాయంత్రాలు పాకం పోసింది ఈ చేతులే. పువ్వు ముఖం చూడని ఈగలు ఏ తేనె ఇస్తాయి?

జనవరి 2

తేనె తీశాడు.

పెట్టెలో బరువున్న ఫ్రేములు నాలుగూ తీసేశాడు. వాటికి కొంచెం ఉంచవా అంటే, మళ్లీ కట్టుకుంటాయిలే అన్నాడు. గుడ్డలో వేసి పిండాడు. ఈగలు తొలగడానికి పొగ పట్టింది నేను. కనురెప్ప మీద కుట్టింది. ఫోటోలో నేను లేనట, మొహం వాచింది కదా, బాగుండదని.

ఒక సీసా నిండింది. నీళ్లలా తేటగా ఉంది. స్వామికి ఇచ్చేది రుచి చూడకూడదు. పిండిన గుడ్డ ఉతకబోతూ వేలికంటింది నాలుక మీద పెట్టుకున్నాను. తీపి. ఊరికే తీపి. పువ్వు లేదు, వగరు లేదు, గొంతులో ఆ చురుకు లేదు. నా పాకం, కొంచెం చిక్కబడింది.

వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "ఇంక పాకం ఆపెయ్యండి వదినా. కూడారై దాకా పెట్టొద్దు. ఎవరైనా చూస్తే తేనె ప్యూర్ కాదంటారు."

అంటే తెలుసన్నమాట. ఇన్నాళ్లూ వీడు తెలివితక్కువవాడనుకుని కోపం తగ్గించుకునేదాన్ని. ఆ సుఖం కూడా పోయింది.

జనవరి 4

బసమ్మ పేడతట్ట దించి, కిటికీలో ఉన్న సీసా చూసింది. నవ్వింది.

"అక్కా, ఇది జేనుతుప్ప అల్ల. మీ సక్కరె మీకే తిరిగొచ్చింది. దేవ్రుకి ఇదే పోస్తారా?"

తేనె కాదని చెప్పడానికి ఆవిడకి నాలుక మీద పెట్టుకోవాల్సిన పని కూడా రాలేదు. బాళగనూరులో వాళ్ల నాన్న తుట్టెలు కొట్టి తేనె తీసేవాడట. ఎండకి ఎత్తి చూస్తే తెలుస్తుందట.

వంగి తట్టకి చెయ్యి వేశాను. ఆవిడ వద్దంది.

జనవరి 6

రెండు రోజులు మాటలు పేర్చుకున్నాను. ఎక్కడా ముల్లు లేకుండా. నిజం చెప్పడం పరుషం కాదని, చెప్పే తీరులో ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సాయంత్రం ఇద్దరూ వరండాలో టీ తాగుతుంటే వెళ్లి నిలబడ్డాను.

"ప్రసాదూ, అది తేనె కాదు. నేను పోసిన పంచదార పాకం. అమ్మవారికి వద్దు."

వాడు ఆయన వైపు చూసి నవ్వాడు. "ఈగ కడుపులోంచి వచ్చింది ఏదైనా తేనే వదినా. సైన్సు."

"దానికి పువ్వు కావాలి" అన్నాను.

"దేవుడు లాబొరేటరీకి పంపిస్తాడా ఏంటి?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. నేల చూశారు. ఆయనకి తెలుసు. ఆ చూపు నాకు తెలుసు. "మైకులో చెప్పేశాడు కదే. ఇప్పుడు కాదంటే మన ఇంటి పరువు ఏమవుతుంది? భక్తితో పోస్తే అమ్మవారు కాదంటుందా?"

పరువట. తమ్ముడి గొంతు మైకులో రెండుసార్లు వినపడితే వచ్చిన పరువు. దాన్ని నిలపడానికి గోదమ్మ నెత్తిన పంచదార నీళ్లు పొయ్యాలి, పోసేది నేను, భక్తి కూడా నాదే కావాలి. ఈ అన్నదమ్ములకి దేవుడు కూడా పెద్దకోడల్లాంటి వాడే. నోరెత్తడని ధైర్యం.

గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను. నా గొంతు వణకలేదు. అది మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 7

ప్రసాదు కౌజుపిట్టల గురించి అడుగుతున్నాడట, సింధనూరులో ఎవరో పెంచుతున్నారని. పెట్టె దగ్గరికి వచ్చి అయిదు రోజులైంది.

జనవరి 8

పెట్టె ముందు చెక్క మీద ఈగలు పాకుతున్నాయి. ఎగరడం లేదు. రెక్కలున్నాయి, బలం లేదు. కింద గిన్నెల నీళ్లలో కొన్ని. చెవి ఆనిస్తే ఇదివరకటి హోరు లేదు, ఎక్కడో దూరంగా మూలుగు.

దాచుకున్నదంతా పిండుకున్నాడు. పెట్టే తిండి ఆపించాడు. బయట పువ్వు లేదు. దీన్ని ఆకలి అంటారు. దీనికి శిక్షణలో ఏం పేరుందో.

జనవరి 9

ఫోను చేశాను. ఈగలు చచ్చిపోతున్నాయి అన్నాను.

"రెండు రోజులు ఓపిక పట్టండి వదినా. కూడారై అవనీండి."

ఈగలకి చెప్పు ఓపిక పట్టమని. అనలేదు. పెట్టేశాను.

మధ్యాహ్నం ఎర్రపెట్ట రెండు పిల్లల్నీ ఎండలోకి తెచ్చింది. రాలిన ఈగల్ని పిల్లలు పొడుచుకు తింటున్నాయి. అదిలించబోయి ఆగాను. వాటికైనా కడుపు నిండనీ.

జనవరి 10, సాయంత్రం

రేపు కూడారై. సీసా దేవుడి గూట్లో ఉంది. ప్రసాదు పొద్దున్న వచ్చి మూతకి ఎర్ర గుడ్డ కట్టి, కుంకుమ బొట్టు పెట్టి వెళ్లాడు. నాలుగు అడుగులు వేస్తే పెట్టె. అటు కన్ను కూడా వెయ్యలేదు.

దీపం పెట్టి కూర్చున్నాను. దండం పెట్టుకుంటుంటే మనసు నిలవలేదు. గోదమ్మ పటం కింద ఆ సీసా. పరాయివాళ్ల నోటి దగ్గరి అన్నం లాక్కొచ్చి ఆవిడ ఎదురుగా పెట్టినట్టుంది.

డబ్బాలో పంచదార ఉంది. పొంగలికని నిన్ననే తెచ్చారు. పాకం కలిపి ఈగలకి పెట్టొచ్చు, సీసా సీసాగానే ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ముప్పై ఏళ్లుగా నేను చేసినది అదే, అటూ ఇటూ నొప్పి లేకుండా ఇంకొంచెం కలపడం.

కలపలేదు.

ఎర్ర గుడ్డ విప్పాను. పళ్లెంలో గడ్డిపరకలు పరిచి, వాటి మీద కొంచెం కొంచెంగా పోశాను, మునిగిపోకుండా. పెట్టె మూత నేనే తీశాను. చేతికి ఏమీ చుట్టుకోలేదు. ఒక్కటీ కుట్టలేదు, కుట్టే ఓపిక లేదు వాటికి. పళ్లెం లోపల పెట్టి మూత వేశాను. సీసాలో మిగిలింది ఒక గిన్నెలోకి వంచి మూత పెట్టాను, రేపటికి, ఎల్లుండికి. వాటిదే, వాటికే.

కాసేపటికి చెవి ఆనించి విన్నాను. హోరు పెరిగిందో, నాకు అలా వినిపించిందో చెప్పలేను.

సీసా కడిగి బోర్లించాను.

జనవరి 11

నాలుగున్నర. స్నానం అయింది. తిరుమంజనం ఆరింటికి. ఆయన పంచె వెతుక్కుంటున్నారు. ప్రసాదు గేటు దగ్గర బండి ఆపాడు. "వదినా, సీసా మర్చిపోకండి" అంటున్నాడు. వినపడింది అన్నాను.

మైకు ఉంటుంది. క్యాంపు అంతా ఉంటుంది. వరసలో పాలు అవుతాయి, పెరుగు అవుతుంది, ఆచార్యులుగారు నా వైపు చెయ్యి చాపుతారు. నా చేతుల్లో ఏమీ ఉండదు. తేనె లేదు స్వామీ, అని ఒక్క మాట సరిపోతుంది. కానీ ఎందుకు లేదమ్మా అంటారు కదా. అప్పుడు నోటికి ఎంత వస్తుందో, ఎక్కడ ఆగుతుందో నాకు తెలియడం లేదు. ఇంకా నాలుగు రోజులుంది మాసం.

చెప్పకపోతే, తొందరలో సీసా మర్చిపోయానని నాలుక మీద ఇంకో మాట సిద్ధంగా ఉంది. అది ఎప్పుడు వచ్చి కూర్చుందో. మెత్తని మాట. ఎవరూ నొచ్చుకోరు.

పిలుస్తున్నారు.

ఈ పుస్తకం బియ్యం డబ్బా వెనక పెడుతున్నాను. ఎవరి చేతికైనా తగిలితే తిట్లున్నాయని చింపకండి, నవ్వుకోవచ్చని ఎవరికీ వినిపించకండి. ఆయనకి చూపించొద్దు. తీసిన చోటే పెట్టండి. ఉండనీండి.